ఇనుప గంట కాపలా కాసిన కుర్చీ

సెంబవాంగ్‌లో నివసించు సమస్త జనులకూ, అందునా మా బ్లాకు పక్కనున్న హాకర్ సెంటర్‌లో ఫ్యాను కిందే కూర్చోవాలని పట్టుబట్టే మహాజనులకూ తెలియజేయడమేమనగా: టీ కొట్టుకు ఎదురుగా ఉన్న గుండ్రటి బల్ల దగ్గర, స్తంభం పక్క కుర్చీని ఇకమీదట ఎవరూ చోప్ చేయరాదు. టిష్యూ ప్యాకెట్టు పెట్టరాదు. గొడుగు పెట్టరాదు. మెడలో వేలాడే ఆఫీసు కార్డు తీసి పెట్టి, ఆ కుర్చీని కంపెనీ పేరున రిజిస్టరు చేయించుకున్నట్టు నూడుల్స్ వరసలోకి పోరాదు. ఈ ఉత్తర్వును ధిక్కరించినవారి కాఫీలో పంచదారకు బదులు ఉప్పు పడును. అందుకు వేరే ఉద్యోగిని నియమించలేదు. నేనే చేస్తాను. అనుభవం ఉంది.

మలేషియాకు నీళ్ళ ఇవతలున్న ఈ దీవి ఊరు ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. హాకర్ సెంటర్ అంటే ఒకే కప్పు కింద బోలెడు తిండి కొట్లు. అక్కడ తిండి తెచ్చుకునేలోపు కుర్చీ పోకుండా ఏదో ఒక వస్తువు దాని మీద పెట్టి వెళతారు. దాన్నే చోప్ చేయడం అంటారు. లోకమంతా టిష్యూ ప్యాకెట్టు పెడుతుంది. ఒక్క పెద్దాయన మాత్రం ఇనుప గంట పెట్టేవారు. రెండు మూతుల గంట, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఆవు మెడలోంచి ఊడదీసినంత మొరటుగా ఉండేది. దాన్ని కదపడానికి ఎవరికీ చెయ్యి వచ్చేది కాదు.

ఆ గంట తాలూకు మనిషి మొన్న మంగళవారం మధ్యాహ్నం పోయారు.

నాకు చేత్తో డోలు వాయించడం నేర్పినాయన. నేను అంకుల్ అనేవాణ్ణి. ఈ ఊళ్ళో జుట్టు నెరిసిన ప్రతి మగవాడూ అంకులే, కానీ మా డోళ్ళ గుంపులో ఎవరైనా "అంకుల్ వచ్చారా?" అని అడిగితే ఆ మాట ఆయన ఒక్కరిదే.

వార్త నాకు సైన్స్ పార్క్‌లో, లిఫ్టు ముందు అందింది. నేను వ్యాను నడుపుతాను. కంప్యూటర్ల జోరు ఎత్తున ఉన్న రోజుల్లో పెట్టెలు పెట్టెలుగా కొత్తవి తెచ్చి ఆఫీసుల్లో దింపేవాణ్ణి. ఇప్పుడు మూతపడుతున్న ఆఫీసుల్లోంచి అవే కంప్యూటర్లను వైర్లు వేలాడుతుండగా తిరిగి ఎక్కించుకొస్తున్నాను. ఆ రోజు చేతుల్లో మానిటర్ ఉంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకున్నాను. అవతల ఆయన కూతురు.

"అంకుల్, డాడీ పోయారు లా" అంది.

ఆ అమ్మాయికి నేనూ అంకుల్‌నే. ఇక్కడి మాటల చివర అంటుకునే ఆ "లా" ఏడుపులో కూడా ఊడిపోలేదు. నేను మానిటర్‌ని లిఫ్టులో బోర్లా పెట్టి, నేను ఎక్కడం మరిచిపోయాను. లిఫ్టు ఒక్కటే ఏడో అంతస్తుకు వెళ్ళి, తలుపు తెరిచి, ఎవరూ లేరని చూసుకుని, తిరిగి కిందకు వచ్చింది. అంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను.

నా గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. అనకాపల్లి దగ్గర మాది. పదో తరగతి పరీక్ష రెండుసార్లు రాశాను, రెండుసార్లూ లెక్కలే గెలిచాయి. షిప్‌యార్డులో వెల్డింగు పనికని వచ్చాను, వ్యాను తర్వాతి సంగతి. అప్పుడు ఆయన స్టోర్స్‌లో గుమస్తా. సామాన్లు ఇచ్చే కిటికీ దగ్గర కూర్చుని, కిటికీ చెక్క మీద వేళ్ళు ఆడిస్తూ ఉండేవారు. చేరిన వారంలోనే ఆయనతో పరాచికం ఆడాలనిపించింది. కిటికీ దగ్గరికి పోయి, మొహం అమాయకంగా పెట్టి, "ఎడంచేతి స్పానర్ కావాలండీ, సూపర్‌వైజర్ పంపించారు" అన్నాను.

ఆయన చీటీ రాశారు. లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి వచ్చి మూత బిగించిన అట్టపెట్టె చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే ఏమీ లేదు.

"నువ్వు కుడిచేత్తో తెరిచినావు రా. అందుకే అవుపడ్డం లేదు" అన్నారు.

ఆ క్షణాన నాకు గురువు దొరికాడని అర్థమైంది. ఏ విద్యకో తర్వాత తెలిసింది.

ఆయన తాత సిక్కోలు పక్కనుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడ బ్రిటిష్‌వాళ్ళ నేవల్ బేస్‌లో కూలీగా దిగాడు. మూడు తరాలు గడిచినా ఆ ఇంట్లో తెలుగు ఊరగాయలా నిలవ ఉండిపోయింది, జాడీ మాత్రం మలయాదేశానిది. అన్నం తిన్నావా అనడానికి "ఏట్రా, మకాన్ అయిందా?" అనేవారు. నా చేతులు తొందరపడితే "పెలాన్ పెలాన్" అనేవారు. మలయ్‌లో మెల్లగా మెల్లగా అని. ఇప్పటికీ సిగ్నల్ దగ్గర వెనకవాడు హారన్ కొడితే నాకు ఆ రెండు మాటలే వినిపిస్తాయి.

డోలు ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో ఆయనే చెప్పేవారు. కుర్రతనంలో బేస్ క్యాంటీన్‌లో ట్రినిడాడ్ దీవి నుంచి వచ్చిన ఓడ వంటవాడు సబ్బుల పెట్టె బోర్లించి మొదటి పాఠం చెప్పాడట.

"ఆడి పెద్దోళ్ళని ఆఫ్రికానుంచి గొలుసులేసి తెచ్చినారు రా" అనేవారు. "డోళ్ళు లాగేసుకున్నారు. చేతులు లాగేసుకోడం మర్చిపోనారు. అందుకని పెట్టిలు వాయించినారు, బొంగులు వాయించినారు, ఏది దొరికితే అది."

బేస్ పోయి షిప్‌యార్డు అయ్యాక, మరమ్మతుకు వచ్చిన ఓడలో ఘనా నావికుడు ఒకడు దిగాడు. ఓడ బాగయ్యేదాకా మూడు వారాలు, పని దిగగానే ఇద్దరూ రేవు మెట్ల మీదే. వెళ్ళిపోతూ అతను ఇచ్చిందే ఈ ఇనుప గంట. తర్వాత చాలా ఏళ్ళు సాయంత్రాలు హోటళ్ళలో జాజ్ బ్యాండ్ల వెనక కాంగాలు వాయించారు. కాంగా అంటే పీపాలా నిలువుగా ఉండే డోలు. అక్కడ స్నేహమైన పియానో ఆయన చీనావాడు, మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. మేమందరం ఆయన్ని పియానో తాత అంటాం.

జాజ్ అంటే ఏమిటని ఒకసారి అడిగాను.

"దారి తప్పిపోనాడని అందరూ కంగారు పడతంటారు. ఆడేమో పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకొచ్చి కూకుంటాడు. అదే" అన్నారు.

ఆయన తలలో ముప్ఫై ఏళ్ళుగా ఒక వాయింపు ఉండేది. నాలుగు భాగాలు. మొదటిది ఘనా నావికుడి గంట మీద నడుస్తుంది. రెండోది ట్రినిడాడ్ వంటవాడి పెట్టె. మూడోదాంట్లో పియానో దిగుతుంది, జాజ్. నాలుగోది ఏమిటో ఎవరికీ వాయించి చూపలేదు. "అది ఆవేళొస్తాది" అనేవారు. ఏ వేళో చెప్పేవారు కాదు. హోటల్ వాళ్ళకు అది అక్కర్లేదు. వాళ్ళకు కావలసింది మూడు నిమిషాల పాట, పువ్వుల చొక్కా, నవ్వు మొహం.

రిటైరయ్యాక ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి సముద్రం పక్క పార్కులో మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పేవారు. మొదట బ్లాకు కిందే వాయించేవాళ్ళం, పైనుంచి ఎవరో బకెట్టు నీళ్ళు పోశాక సముద్రం దగ్గరికి మారాం. అక్కడి గాలికి తోలు తడిసి వదులైపోయేది. ఆయన ఇంట్లోంచి భార్య జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి, పార్కు మరుగుదొడ్డి దగ్గరున్న ప్లగ్గులో పెట్టి, జెంబే అనే గిన్నె ఆకారపు డోలును పసిపిల్ల తల ఆరబెట్టినట్టు ఆరబెట్టేవారు. చేతులు కడుక్కోవడానికి వచ్చిన జనం ఆగి చూసేవారు. ఆయన వాళ్ళవైపు తిరిగి, "తలంటు పోసినాం" అనేవారు తెలుగులోనే.

ఆ సాయంత్రాలు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. ఎదురుగా నీళ్ళు, నీళ్ళకవతల మలేషియా ఒడ్డు, మబ్బు పట్టిన రోజు ఆ ఒడ్డు ఉండేది కాదు. ఓడలు లంగరు వేసి, కదలాలో వద్దో తేల్చుకోలేనట్టు నిలబడి ఉండేవి. మేం వాయించింది నీళ్ళ మీద పోయి, ఎక్కడో తగిలి, కొంచెం ఆలస్యంగా, కొంచెం మెత్తబడి వెనక్కి వచ్చేది. "అవతలోళ్ళు కూడా వాయిస్తన్నారు, ఇనండి" అనేవారు. మొదట్లో ప్రతిధ్వని అని వాదించేవాణ్ణి. కొన్నాళ్ళకు అవతలివాళ్ళు మాకంటే బాగా వాయిస్తున్నారని నాకే అనిపించడం మొదలైంది. వాయిస్తూ వాయిస్తూ ఒక చోటికి వచ్చేసరికి ఏది నా చెయ్యో, ఏది పక్కవాళ్ళ చెయ్యో, ఏది నీటిదో తెలిసేది కాదు. చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కునుకు తీసినట్టు ఉండేది.

అప్పట్లో సైన్స్ పార్క్ నుంచి సాఫ్ట్‌వేర్ జనం చాలామంది వచ్చి చేరేవారు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టి, ఆగకుండా చూడటానికి వీళ్ళను తెచ్చారు. ఎక్కువమంది రెండు వారాలకు మానేసేవారు. నిలిచింది గుంటూరు సుజాత ఒక్కతే. ఆ పిల్ల మొదటి రోజు రాగానే నేను గంభీరంగా చెప్పాను: "ఆఫ్రికా ఆచారం ప్రకారం డోలు ముట్టుకునే ముందు దాని ఎదుట గుంజీలు తీయాలమ్మా."

పాపం, చున్నీ నడుముకు చుట్టుకుని మొదలుపెట్టింది. ఇంతలో అంకుల్ వచ్చారు.

"ఏటమ్మా ఇది?"

"ఆచారం అంటగా అంకుల్? అన్నయ్య చెప్పాడు."

ఆయన నావైపు చూశారు. మళ్ళీ ఆ పిల్లవైపు చూశారు. తర్వాత డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి చెవులు పట్టుకుని ఆమె పక్కన నిలబడి మూడు గుంజీలు తీశారు. మోకాళ్ళు పటపటమన్నాయి.

"ఆచారం నిజమేనమ్మా. అయితే ఈడు సగమే చెప్పినాడు. చెప్పినోడు ముప్పై తియ్యాల" అన్నారు.

తీశాను. సుజాత లెక్కపెట్టింది, ఇరవై రెండు దగ్గర తప్పి మళ్ళీ మొదటినుంచి.

ఇప్పుడు అసలు సంగతికి రావాలి. వాయిదా వేస్తున్నానని నాకూ తెలుసు.

మా వాయింపుకు ఒక కట్టుబాటు ఉంది. గుంపులో పెద్ద డోలు ఒక్కటే. ఆపాలన్నా, మలుపు తిరగాలన్నా ఆ డోలు పిలుపు ఇవ్వాలి. పిలుపు వినగానే అందరూ ఒకే దెబ్బకు ఆగాలి. పిలుపు రాకుండా ఎవరూ ఆపకూడదు, దోమ కుట్టినా, చినుకులు పడినా సరే. పెద్ద డోలు ఆయనది. రెండో డోలు నాది. ఆయన పిలుపు ఇలా ఉండేది: మూడు పొడి దెబ్బలు, ఒక ఖాళీ, రెండు నిండు దెబ్బలు. ఆ ఖాళీ ఎంతసేపన్నదే అందులోని రహస్యం. అది ఎవరికీ పట్టుబడదు.

నాకు పట్టుబడింది. చదువు అబ్బలేదు గానీ, ఇంకొకళ్ళను అనుకరించడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఒక ఆదివారం మంచి ఊపులో ఉండగా రెండో డోలు మీంచి ఆయన పిలుపు కొట్టాను. గుంపంతా టక్కున ఆగింది. ఆయన ఒక్కరే వాయిస్తూ మిగిలారు. తర్వాత పడీ పడీ నవ్వారు.

"దొంగనోటు! ముద్ర మాత్రం బాగుంది" అన్నారు. "సరే, ఇప్పుడు నువ్వొక్కడివే వాయించు. నీకు పిలుపివ్వను." సముద్రపు పోటు రేవు మూడో మెట్టును తడిపేదాకా నాచేత వాయింపించారు. అందరూ టీ తాగుతూ చూశారు.

అక్కడితో బుద్ధి రావాలి. నాలాంటివాడికి రాదు.

సుజాత కంపెనీ ఆ ఏడు కొత్త అంతస్తు తీసుకుంది. శనివారం మధ్యాహ్నం పచ్చిక మీద కుటుంబాల పండగ పెట్టారు. ఆ పిల్ల వాళ్ళ పెద్దలను బతిమాలి మా వాయింపుకు ఇరవై ఐదు నిమిషాలు ఇప్పించింది. నాలుగు భాగాలూ పడతాయి. పండగ రోజు అంకుల్ పువ్వుల చొక్కా వేసుకోలేదు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతతో. కూతుర్ని కూడా రమ్మన్నారు. ఆ అమ్మాయి బ్యాంకులో పని, ఎప్పుడూ తీరిక ఉండదు, అయినా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

మొదటి భాగం నడిచింది. రెండోది నడిచింది. మూడోదాంట్లో పియానో తాత ఎంత మెత్తగా దిగాడంటే, ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలియలేదు. ఎండ పల్చబడి పచ్చిక మీద ఊగుతోంది. పిల్లల చేతుల్లో బెలూన్లు కూడా తాళం ప్రకారమే కదులుతున్నట్టు కనిపించాయి. ఆ సుఖంలో నా కన్ను ముందు వరసలో కంపెనీ పెద్దాయన మీద పడింది. కునుకు తీస్తున్నాడు. చేతిలో నారింజ రసం గ్లాసు వంగి, ఇంకొక వేలెడు వంగితే ఒళ్ళో పడేట్టు ఉంది. నా చేతుల్లో దురద పుట్టింది. ఒక్కసారి అంతా ఆగితే ఉలిక్కిపడతాడు, రసం ఒలుకుతుంది, జనం నవ్వుతారు, మరుక్షణం అంకుల్ అందుకుంటారు. పార్కులో అంతే కదా జరిగింది.

మూడు పొడి దెబ్బలు, ఖాళీ, రెండు నిండు దెబ్బలు. నా జీవితంలో అంత శుభ్రంగా ఎప్పుడూ కొట్టలేదు.

అంతా ఆగింది. పెద్దాయన ఉలిక్కిపడ్డాడు, రసం ఒలికింది. నేను అనుకున్నదంతా జరిగింది. అనుకోనిది ఒక్కటే. అయిపోయిందనుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు. మైకు పట్టుకున్న అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "థాంక్యూ, థాంక్యూ! నౌ లక్కీ డ్రా!" అంది. పియానో ముందు ఎవరో అట్టపెట్టెలు పేర్చడం మొదలుపెట్టారు. ఎవరికో రైస్ కుక్కర్ వచ్చింది. అంకుల్ చేతులు మాత్రం డోలు మీద, తోలుకు జానెడు ఎత్తులో, గాల్లోనే ఉండిపోయాయి. వాటిని దించుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఆయన నా పక్కన కూర్చున్నారు. వెనక డోళ్ళు రోడ్డు కుదుపులకు వాటంతట అవే గొణుక్కుంటున్నాయి.

"అంకుల్, సరదాకి..." అన్నాను.

"నీ పిలుపు బాగుందిరా. నా పిలుపు కంటే బాగుంది."

తిట్టి ఉంటే బాగుండేది. కొంత దూరం పోయాక ఆయనే అన్నారు:

"నాలుగోది మా తాతదిరా. డప్పు."

నేను వ్యాను వేగం తగ్గించాను.

"ఊళ్ళో మావోళ్ళు డప్పు కొట్టీవోళ్ళు. ఇక్కడికొచ్చినాక మా నాన్న ఆ మాట ఎత్తనివ్వలేదు. డప్పు అంటే ఏ వీధోళ్ళమో ఇక్కడి తెలుగోళ్ళకి తెలిసిపోద్దని. తాత సచ్చిపోయేదాకా మంచం పట్టీ మీద రెండు వేళ్ళతో వాయించుకునీవోడు. నేను పక్కనే పడుకుని ఇనీవోణ్ణి. అమ్మాయికి చెప్పలేదు. ఈవేళ వాయించీసి, తరవాత చెప్దామనుకున్నాను."

"ఇంటికెళ్ళి చెప్పండి అంకుల్. ఇప్పుడైనా..."

"వాయించకుండా చెప్తే అది ఒట్టి కులం పేరురా. వాయించి చెప్తే పాట."

మా ఊళ్ళో డప్పు మా వీధిలోకి వచ్చేది. వాయించేవాళ్ళు మా అరుగు ఎక్కేవారు కాదు. చిన్నప్పుడు ఆ అరుగు మీదే కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ విన్నాను. ఆ సంగతి స్టీరింగు పట్టుకుని ఆలోచించాను గానీ పైకి అనలేదు. నోరు లేనివాడినని నన్ను ఎవరూ అనరు, ఆ ఒక్క రోజు తప్ప.

బ్లాకు దగ్గర దిగుతూ ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ఒరేయ్, ఆపింది నేను కాదు కదా. పెద్ద డోలు పిలుపివ్వలేదు. అంటే మనం ఆగలేదు. ఇంకా వాయిస్తనే ఉన్నాం. ఆ లెక్కన ఉండు" అన్నారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పలకరింపు. "ఏట్రా, వాయిస్తన్నామా?" "వాయిస్తున్నాం అంకుల్." అంతే. చుట్టుపక్కలవాళ్ళకు ఏమీ అర్థమయ్యేది కాదు.

ఇంకో రోజు దొరుకుతుందనే అనుకున్నాం. సుజాత ఇంకో పండగ చూస్తానంది. ఈలోగా వాళ్ళ కంపెనీ మొదట టీ యంత్రం తీసేసింది, తర్వాత సగం మందిని, తర్వాత సుజాతను. ఆమె కుర్చీ, బల్ల నా వ్యానులోనే వెళ్ళాయి. ఆమె గుంటూరు వెళ్ళిపోయింది. ఆ వానల్లోనే అంకుల్‌కు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అప్పుడు కూడా ఆదివారం వచ్చేవారు. హాకర్ సెంటర్‌లో గంట పెట్టి కుర్చీ చోప్ చేసుకునేవారు, తర్వాత పార్కులో కుడిచేత్తో ఆ గంటే వాయించేవారు. ఎడమ చెయ్యి ఒళ్ళో నిద్రపోతున్న పిల్లిలా ఉండేది.

"నాలుగోది నాకు చెప్పండి అంకుల్. నోటితోనైనా" అని అడిగాను ఒకసారి.

"ఆపినోడివి నువ్వు. నువ్వే ఎతుక్కో" అని నవ్వారు. ఆ నవ్వులో కోపం కోసం వెతికాను. ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

పోయిన సోమవారం మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళాను. రెండోసారి పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగు రోజులు, మాట లేదు. కిటికీ బయట చిన్న వాన, గదిలోకి వచ్చిన వెలుగు కూడా తడిగా ఉంది. కూతురు కాఫీకి కిందకు వెళ్ళింది. నేను మంచం పట్టీ మీద గోటితో గంట వరస మొదలుపెట్టాను, మెల్లగా, పెలాన్ పెలాన్. మొదటి భాగం. రెండోది. మూడోదాంట్లో పియానో ఉండవలసిన చోట వాన ఉంది.

అప్పుడు దుప్పటి మీద ఆయన కుడిచేతి రెండు వేళ్ళు కదిలాయి. చూపుడు వేలు, మధ్య వేలు. ఒక పెద్ద అంగ, రెండు చిన్న అంగలు, తట్టుకుని పడబోయి లేచినట్టు ఒకటి. ఊరేగింపు మలుపు తిరిగేటప్పుడు డప్పు వేసే అడుగు అది. అరుగు మీద కూర్చుని విన్నదే. నాలుగో భాగం. నేను గంట వరస ఆపకుండా ఆయన వెనకే నడిచాను. చివర మూడు పొడి దెబ్బలు, ఖాళీ, రెండు నిండు దెబ్బలు. పిలుపు. నేను ఆపాను.

మంగళవారం ఆయన పోయారు. బుధవారం పొద్దున బ్లాకు కింద ఖాళీ జాగాలో ఆయన్ని ఉంచారు. మండాయ్ శ్మశానానికి బయలుదేరడానికి ఇంకా సమయం ఉంది. కూతురు నా పక్కకు వచ్చి కూర్చుంది.

"అంకుల్, లాస్ట్‌లో డాడీ ఏమైనా చెప్పారా? ఎనీథింగ్?"

చెప్పాను. వేళ్ళు, డప్పు, తాత, వాళ్ళ వీధి, ఆ శనివారం, నేను చేసిన పని, అన్నీ చెప్పాను.

"సో ఆ రోజు నన్ను అందుకే రమ్మన్నారా? ఐ థాట్ హి జస్ట్ వాంటెడ్ సమ్‌వన్ టు క్లాప్." తర్వాత చెంపలు తుడుచుకుని, "మీరు విన్నారు కదా. దెన్ ప్లే లా, అంకుల్. ఐ వాంట్ టు హియర్" అంది.

వ్యానులోంచి డోళ్ళు దించాం. ఎవరికీ తలంటు పోయలేదు, తోళ్ళు వదులుగానే ఉన్నాయి. పెద్ద డోలు ముందు నేను కూర్చున్నాను. పియానో తాతకు పియానో లేదు, కుర్చీ వీపు మీద వేళ్ళతో వాయించాడు. నాలుగో భాగం రాగానే ఆ అమ్మాయి లేచి వచ్చి డోలు పక్కకు అరచెయ్యి ఆనించి నిలబడింది, జ్వరం చూస్తున్నట్టు. పైఅంతస్తుల కిటికీలు తెరుచుకున్నాయి. ఈసారి ఎవరూ నీళ్ళు పోయలేదు. "మై గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ ప్లేడ్ దిస్" అని ఆమె పక్కింటి మలయ్ ఆంటీకి చెబుతోంది, తల ఎత్తి, గట్టిగా. పిలుపు కొట్టాను. అందరం ఒకే దెబ్బకు ఆగాం.

పియానో తాత నా భుజం మీద చెయ్యి వేసి, "గుడ్ లా. వెరీ గుడ్. బట్ సో నాటీ. హి వాజ్ నాట్ సో నాటీ" అన్నాడు. కాస్త అల్లరిగా ఉందట. నా కళ్ళలోకి చూసి వెళ్ళిపోయాడు.

గంట ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ అమ్మాయే ఇచ్చింది. నిన్న ఆదివారం దాన్ని స్తంభం పక్క కుర్చీ మీద పెట్టి, ఎదురుగా నేను కూర్చున్నాను. ఫ్యాను గాలి తగిలినప్పుడల్లా గంట కొంచెం కదిలి, మోగుదామా వద్దా అన్నట్టు ఊగి ఊరుకుంది. చుట్టూ జనం ట్రేలు పట్టుకుని చోటు కోసం తిరుగుతున్నారు. ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.

ఇంతదూరం చదివారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆయన కూతురికి తెలుగు చదవడం రాదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఆమెకు ఎవరైనా చెప్పదలిస్తే చెప్పండి, కానీ వాయించి చెప్పండి. సోమవారం మధ్యాహ్నం దుప్పటి మీద ఆయన వేళ్ళు కదల్లేదు. ఆ చెయ్యి అరచెయ్యి పైకి తిరిగి, వాన వెలుగు కొంచెం పట్టుకుని, ఎలా ఉన్నదో అలాగే ఉంది. నర్సు వచ్చి సమయమైందనేదాకా పట్టీ మీద నేనొక్కణ్ణే వాయించాను. నాలుగో భాగం నేను అల్లింది. పిలుపు నేను కొట్టిన దొంగనోటు. ఆయన ఏ పిలుపూ ఇవ్వలేదు.